రాయి దొరకని నేల

మా డెల్టాలో రాయి పుట్టదు.
తవ్వితే ఒండ్రు, ఇంకా తవ్వితే ఒండ్రు,
ఆ కింద నీళ్లు.
ఇంటి పునాదికైనా రోడ్డు కంకరకైనా
కొవ్వూరు అవతలి కొండలు లారీలెక్కి రావాల్సిందే.
చిన్నప్పుడు మామిడికాయకి గురిచూసి
మట్టిబెడ్డలే విసిరేవాళ్లం,
కొమ్మకి తగిలి పొడై మా కళ్లలోనే పడేవి.

ఈ సంగతి ఎప్పుడూ తెలిసిందే.
తెలియడం వేరు,
కార్తీకమాసం తెల్లవారుజామున
దిగమర్రు దాటాక కాలువగట్టు మీద
మోకాళ్లతో పాకుతూ
ఒక్క రాయి, ఒక్క రాయని
చీకటిని తడుముకోవడం వేరు.

గుర్రపుడెక్క కింద
వెనక లైట్లు ఎర్రగా వెలుగుతూనే ఉన్నాయి.
నీళ్లలో వైపరు ఇంకా తుడుస్తోంది.
అద్దానికి లోపల ఒక అరచెయ్యి,
గోరింటాకు చుక్కలు లెక్కపెట్టేంత దగ్గర.

నా చేతికి దొరికినవి:
నత్తగుల్ల, కొబ్బరిడొక్క, ఎవరిదో తెగిన చెప్పు.
మోచేత్తో పొడిస్తే మోచెయ్యే వాచింది.
నేల ఇంత మెత్తనైనందుకు
ఆ ఒక్క పూటే గోదారిని తిట్టాను.

కొబ్బరి ఒలుపుకి పోతున్న ఏసుపాదం
సైకిలు కడ్డీకి కట్టిన గునపం లాక్కుని
లుంగీతోనే దూకాడు.
అద్దం నడిమిన పొడవలేదు, మూల చూసి పొడిచాడు.
ఒక్క పోటు.
కల్లుప్పులా రాలిపోయింది అంత అద్దమూ.
తరవాత అడిగితే అన్నాడు కదా,
కాయైనా అంతే, ఎక్కడ లొంగుద్దో అక్కడే పొడవాలి.

ముగ్గురు పైకొచ్చారు.
డ్రైవరు రాలేదు.
తడిసిన బెల్టుకి పళ్లు ఆనవు,
కొరికి చూశాను.
పేరు స్టేషను కాగితంలో చదివాను,
కడలి వెంకటరత్నం.
నాలాగే కిరాయి బండి.

భీమవరంలో నూట ఎనభై పెట్టి కొన్నాను.
నారింజరంగు పిడి, రెండు వైపులా
చీమతలకాయంత ఉక్కుముక్కు.
పిడి లోపల దాక్కున్న బ్లేడు, బెల్టు కొయ్యడానికి.
సొరుగులో పెట్టుకోమన్నాడు కొట్టువాడు.
బండి తలకిందులైన నీళ్లలో
సొరుగు ఎటుంటుందో వాడికేం తెలుసు?
హేండుబ్రేకు పక్కన
సైకిలు ట్యూబు ముక్కతో బిగించాను,
కళ్లు మూసుకుని పదిసార్లు తీశాను, పెట్టాను.

ఒకరోజు ట్యూబు ఖాళీగా ఊగుతోంది.
మార్టేరు సెంటర్లో చూసుకున్నాను.
రాజమండ్రిలో రైలందదని బేరం అరుస్తున్నా
బండి వెనక్కి తిప్పాను.
ఇంట్లో మా ఆదిలక్ష్మి
దాంతో కేలండరుకి మేకు కొట్టి
తడిగుడ్డతో తుడిచి కిటికీలో పెట్టింది.
నేనేమీ అనలేదు.
నా మొహం చూసి తనే అంది,
రేపు వేరే సుత్తి తెచ్చుకుంటానులే.

ఎక్కిన ప్రతివాడూ అడుగుతాడు.
ముందేమో నిమ్మకాయ, పక్కనేమో సుత్తి,
అసలు నీకు దేని మీదయ్యా నమ్మకం?
నిమ్మకాయ పడకుండా ఉండటానికండి,
సుత్తి పడ్డాక, అంటాను.
నవ్వుతారు.
నవ్వడం అయ్యాక, చూస్తూనే ఉంటాను అద్దంలో,
వాళ్ల చెయ్యి మెల్లగా బెల్టు బొత్తాం వెతుక్కుంటుంది.

వేసవిలో కాలువలు కట్టేశాక
అక్కడ బండాపి దిగాను.
అడుగంతా బీటలు.
కొంగలు నడుస్తున్నాయి, మోకాలు మునగని బురదలో.
ఇంత లోతేనా, అనిపించింది.
మనిషికి నిండా ఒక నిలువు కూడా లేదు.
ఎండలో ఏదో మెరిస్తే వంగి ఏరాను,
కల్లుప్పులాంటి అద్దం పలుకులు, గుప్పెడు.
వాటి మధ్య, నమ్మండి నమ్మకపోండి,
నిమ్మకాయంత నల్లరాయి.

మళ్లీ నీళ్లు వదిలారు.
ఏసీ వెయ్యమంటే వేస్తాను గానీ
కాలువ పక్కన నడిచినంతసేపూ
నా వైపు అద్దం దించే ఉంచుతాను.
డెక్క పువ్వుల వాసన లోపలికొస్తుంది.
రానీ.